కలుపు మీదికి జొన్న కషాయం

తొలకరి వానలకు మొక్కజొన్న వేసిన చేనొకటి మీ ఊళ్లో ఉంటే, విత్తిన ఇరవయ్యో రోజున వెళ్లి చూడండి. రైతు విత్తింది ఒక్కటే పంట. మరి మొలిచినవి ఎన్ని రకాలో లెక్కపెట్టండి. తుంగ, గరిక, ఊద, గలిజేరు, పావిలి, గురుగు, అడవి తోటకూర, గట్టు మీది నుంచి దిగివచ్చిన వయ్యారిభామ. వీటిలో ఎవరూ విత్తినది ఒక్కటీ లేదు. ఎవరూ ఎరువు వెయ్యలేదు. అయినా పైరు కంటే ఏపుగా ఇవే కనబడతాయి.

మొక్కజొన్నకు కలుపు బాధ ఎందుకు ఎక్కువో తెలుసా? సాళ్ల మధ్య సుమారు 60 సెంటీమీటర్ల ఎడం వదులుతారు. మొక్క పెద్దదయ్యాక ఆ ఎడమంతా దాని ఆకుల నీడే. కాని మొదటి నెలరోజులు మొక్క చిన్నది, నేలంతా ఖాళీ, ఎండంతా కలుపుదే. విత్తిన 30, 40 రోజుల లోపల కలుపు తీయకపోతే ఆ తరువాత తీసినా పెద్దగా లాభం లేదు. పోవలసిన నత్రజని, నీరు అప్పటికే పోతాయి. కంకి కట్టవలసిన గింజలు కట్టవు.

అందుకని రైతు ఎడ్లతో గుంటకో దంతెో తోలిస్తాడు, సాలులో మిగిలినదాన్ని ఆడవాళ్లు వంగి చేత్తో తీస్తారు. రోజంతా వంగి కలుపు తీసిన అమ్మనో అత్తనో సాయంత్రం నడుము ఎలా ఉందని అడిగి చూడండి, ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో నాకంటే వాళ్లే బాగా చెబుతారు. పైగా ముసురు పట్టిందంటే వారం రోజులు చేలో కాలు పెట్టలేరు. కలుపుకు మాత్రం ముసురు పండుగ.

ఈ ఇబ్బంది వల్లనే కలుపు మందులు వచ్చాయి. మొక్కజొన్నలో మన రైతులు ఎక్కువగా వాడేది అట్రజిన్. ఇది కలుపు మొక్కల ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియను అడ్డుకుంటుంది. మొక్కజొన్న మాత్రం దీనిని తన ఒంట్లోనే విరిచి, పనికిరాకుండా చేసుకోగలదు. చవకైన మందు, బాగానే పనిచేస్తుంది. చిక్కు ఏమిటంటే ఇది చేలోనే ఉండిపోదు, వాననీటితో కిందికి దిగుతుంది. ఐరోపాలో చాలాచోట్ల భూగర్భజలంలో దీని జాడలు కనబడ్డాయి, 2004లో ఐరోపా యూనియన్ దీనికి అనుమతి నిలిపివేసింది. కృష్ణా, గుంటూరు మాగాణుల్లో వరి కోసిన తరువాత దుక్కి లేకుండానే మొక్కజొన్న వేసే పద్ధతి వచ్చాక, అక్కడ పారాక్వాట్ అనే మందు కూడా వాడుకలోకి వచ్చింది. కడుపులోకి పోతే విరుగుడు లేని విషం అది. చేలగట్ల మీద పడి ఉన్న మందు డబ్బాలను మీరు ఎన్నడూ ముట్టుకోకండి.

కలుపును ఆపే శక్తి మొక్కల్లోనే ఉంటే, మనం దానిని తీసి వాడుకోలేమా? ఇదీ ప్రశ్న.

మొక్కల మధ్య పోరు ఉంటుందని మనుషులు ఏనాడో గమనించారు. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో గ్రీసు దేశంలో థియోఫ్రాస్టస్ అనే పండితుడు ఉండేవాడు, అరిస్టాటిల్ శిష్యుడు. శనగ వేసిన నేలలో కలుపు చస్తుందనీ, అందులోనూ అన్నింటికంటే తొందరగా పల్లేరు చస్తుందనీ ఆయన రాసిపెట్టాడు. కాలిలో పల్లేరుకాయ గుచ్చుకున్న ప్రతివారికీ ఇది సంతోషం కలిగించే వార్తే.

చాలా శతాబ్దాల తరువాత, 1937లో, ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు హాన్స్ మోలిష్ ఈ సంగతికి ఒక పేరు పెట్టాడు, అలెలోపతి అని. ఒక మొక్క తన నుంచి వెలువడే రసాయనాలతో పక్క మొక్క మీద ప్రభావం చూపడం అన్నమాట. ఈ మోలిష్ మన దేశానికి కొత్తవాడు కాడు. 1928లో కలకత్తా వచ్చి జగదీశ్ చంద్ర బోసు పరిశోధనాలయంలో కొన్ని నెలలు పనిచేసి వెళ్లాడు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. నీలగిరి చెట్ల కింద గడ్డి సరిగా మొలవదని మీరు చూసే ఉంటారు. అది ఆకుల రసాయనం వల్లనేనా? నీడ వల్ల కావచ్చు, వేళ్లు నీరంతా పీల్చడం వల్ల కావచ్చు, రాలిన ఆకులు నేలను కప్పెయ్యడం వల్ల కావచ్చు. అన్నీ కలిసి కూడా కావచ్చు. చెట్టు కింద ఏమీ మొలవలేదని చూడగానే "విషం" అనేస్తే అది విజ్ఞానశాస్త్రం కాదు. రసాయనాన్ని బయటికి తీసి, నీడా వేరూ లేనిచోట, విడిగా పరీక్షించాలి.

అలా పరీక్షలకు నిలబడిన మొక్కల్లో మనకు బాగా తెలిసినది జొన్న. జొన్నలో విషమేమిటి అనకండి. లేత జొన్న పిలకలు మేసి పశువులు పడిపోతే పెద్దవాళ్లు "నాము సోకింది" అంటారు. ఆ నాము మరేమీ కాదు. లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది, ఆకు నలిగినప్పుడు దాని నుంచి హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. నీటి ఎద్దడికి గిడసబారిన మొక్కలో ఇది మరీ ఎక్కువ. ముదిరిన కొద్దీ, ఎండిన కొద్దీ తగ్గిపోతుంది, అందుకే ఎండుచొప్ప పశువులకు నిశ్చింతగా వేస్తాము.

కలుపు విషయంలో జొన్నకు వేరే ఆయుధాలు ఉన్నాయి. జొన్న వేరు నూగును సూక్ష్మదర్శినిలో చూస్తే చివరల్లో బంగారు రంగు నూనె బొట్లు కనబడతాయి. అందులోని ముఖ్య పదార్థాన్ని 1986లో గుర్తించి సోర్గోలియోన్ అని పేరు పెట్టారు. ఇది చిన్న మొలకల్లో కిరణజన్య సంయోగక్రియను అడ్డుకుంటుంది. అంటే అట్రజిన్ చేసే పనినే జొన్న తన వేరు చివర ఎప్పటి నుంచో చేస్తున్నది! కాండంలోనూ ఆకుల్లోనూ నీటిలో కరిగే ఫినాలిక్ ఆమ్లాలు చాలా ఉన్నాయి. జొన్న కోసిన చేలో మరుసటి పైరు ఒక్కోసారి మందకొడిగా లేస్తుందని రైతులు చెప్పే మాటకు ఇవి ఒక కారణం. కుళ్లుతున్న జొన్న మోళ్లు నేలలో నత్రజనిని కొంతకాలం పట్టి ఉంచడం మరో కారణం.

వేరులోని నూనె నీటిలో కరగదు, దానిని పిండి తీయడం కష్టం. కాండం, ఆకుల్లోని ఆమ్లాలు మాత్రం నీటిలోకి సులభంగా దిగుతాయి. ఈ చిన్న తేడాను పట్టుకున్నారు పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు. ముదిరిన జొన్న మొక్కను ఎండబెట్టి, చిన్న ముక్కలుగా నరికి, ఒక కిలోకు పది లీటర్ల చొప్పున నీళ్లు పోసి, 24 గంటలు నానబెట్టారు. వడకట్టిన నీటిని మరగబెట్టి ఇరవయ్యో వంతుకు ఇగిర్చారు. అచ్చం మన నాటువైద్యుడు కషాయం కాచినట్లే. దానికి వాళ్లు పెట్టిన పేరు సోర్‌గాబ్. సోర్గమ్ అంటే జొన్న, ఆబ్ అంటే పారశీకంలో నీరు. గోధుమలోనూ మొక్కజొన్నలోనూ దీనిని నీళ్లలో కలిపి చల్లి చూశారు.

ఫలితం? కలుపు తగ్గింది. కాని పూర్తి మోతాదు కలుపు మందు చల్లిన మడులలో తగ్గినంతగా తగ్గలేదు. తరువాతి ప్రయోగాల్లో జొన్న కషాయానికి పొద్దుతిరుగుడు, ఆవ మొక్కల కషాయాలు కూడా కలిపారు, అట్రజిన్‌ను తగ్గించి దానితోపాటు చల్లారు. అప్పుడు ఫలితం బాగుంది, పూర్తి మోతాదు మందుకు దాదాపు దగ్గరగా వచ్చింది. అంటే కషాయం మందును పూర్తిగా తప్పించలేదు, దాని మోతాదును మాత్రం తగ్గించగలిగింది. నేలలోకి దిగే అట్రజిన్ సగమైనా అది చిన్న విషయం కాదు.

మరి మన రైతులందరూ రేపటి నుంచే జొన్న కషాయం కాచవచ్చునా? తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం తీయండి, ఒక లెక్క చేద్దాం. ఒక హెక్టారుకు 15 లీటర్ల చిక్కని కషాయం కావాలనుకోండి. ఇరవై రెట్లు ఇగిర్చాలి కాబట్టి మొదట 300 లీటర్ల పలుచని కషాయం ఉండాలి. దానికి 30 కిలోల ఎండు జొన్న చాలు, ఇంతవరకు చవకే. ఇప్పుడు పొయ్యి వెలిగించండి. 300 కిలోల నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 21,000 కిలోకేలరీలు. అందులో 285 కిలోలు ఆవిరి కావాలి. నీటి బాష్పీభవన గుప్తోష్ణం గ్రాముకు 540 కేలరీలు కదా, కనుక 1,53,900 కిలోకేలరీలు. మొత్తం సుమారు 1,75,000.

ఎండు కట్టె కిలో మండితే సుమారు 4,000 కిలోకేలరీలు వస్తుంది. కాని మన మామూలు పొయ్యిలో అందులో ఏడో వంతు గిన్నెకు అందితే గొప్ప, మిగిలినది గాలిపాలు. లెక్క కట్టండి. హెక్టారుకు ఇంచుమించు 300 కిలోల కట్టెలు! కలుపు మందు మానడానికి చెట్టు నరకవలసి వస్తే మనం గెలిచినట్లా, ఓడినట్లా? కషాయం గురించి రాసే వారు ఈ పొయ్యి సంగతి ఎందుకో ఎత్తరు. ఎండలో వెడల్పాటి తొట్లలో ఇగర్చవచ్చునేమో, కాని రెండు మూడు రోజుల్లో ఆ నీరు పులిసి కంపు కొడుతుంది, పులిసినదానికి అదే గుణం ఉంటుందన్న భరోసా లేదు. నాకు తోచినంతవరకు కషాయం కాచడం కంటే జొన్న మోళ్లను, పనికిరాని చొప్పను మొక్కజొన్న సాళ్ల మధ్య పరచడమే మేలు. వాన పడ్డప్పుడల్లా కషాయం దానంతటదే దిగుతుంది, నేలకు నీడా దొరుకుతుంది. అయితే చొప్ప పశువుల మేత. దాన్ని చేలో పరవమంటే, పాడి ఉన్న ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

మీలో కొందరికి మరో సందేహం వచ్చి ఉంటుంది. కలుపు మొలకను చంపే కషాయం మొక్కజొన్న మొలకను చంపదా? మంచి సందేహం. మొక్కజొన్న గింజ పావు గ్రాము తూగుతుంది. తోటకూర విత్తనాలు గ్రాముకు వెయ్యికి పైగా వస్తాయి. మొక్కజొన్న తన గింజలోని నిలవ తిండితో కొన్నాళ్లు గడుపుకోగలదు, చిన్న విత్తనానికి ఆ వెసులుబాటు లేదు. పైగా మొక్కజొన్నను నాలుగైదు సెంటీమీటర్ల లోతున విత్తుతాము, సన్నని కలుపు విత్తనాలు పై సెంటీమీటరులోనే మొలుస్తాయి, కషాయం ఉండేది కూడా అక్కడే. తుంగ మాత్రం ఈ ఎత్తుకు చిక్కదు. దాని గడ్డ లోతున కూర్చుని, పైన ఎన్నిసార్లు మాడినా మళ్లీ పిలక పంపుతుంది.

ఇక మొక్కల రసం నుంచి అసలు సిసలు విజయం ఎక్కడ వచ్చిందో చెబుతాను. ఇది కాలిఫోర్నియా కథ, హీరో బాటిల్ బ్రష్ చెట్టు. మీరు పార్కుల్లో చూసే ఉంటారు, సీసాలు కడిగే బ్రష్షు లాంటి ఎర్రని పూలు, వంగిన కొమ్మలు. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1977లో కాలిఫోర్నియాలో స్టాఫర్ అనే రసాయన కంపెనీ పరిశోధనశాల వారు ఈ చెట్ల కింద కలుపు చాలా తక్కువగా ఉండడం గమనించారు. చూసి ఊరుకోలేదు. ఆ చెట్టు కింది మట్టిని తెచ్చారు, అందులోని పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీశారు, ఒక్కొక్కదాన్నీ కలుపు మొలకల మీద పరీక్షించారు. ఒకటి దొరికింది, లెప్టోస్పెర్మోన్. అది తగిలిన మొలకలు ఎండలేదు, మాడలేదు. తెల్లబడ్డాయి! కాగితంలా తెల్లబడి చనిపోయాయి.

ఎందుకు తెల్లబడ్డాయి? ఆకులో పత్రహరితంతోపాటు కెరోటినాయిడ్లు అనే పసుపు, నారింజ రంగు పదార్థాలు ఉంటాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో పత్రహరితం పాడైపోకుండా గొడుగు పట్టేవి అవే. ఆ కెరోటినాయిడ్లు తయారు కావడానికి అవసరమైన ఒక ఎంజైమును లెప్టోస్పెర్మోన్ పని చెయ్యనివ్వదు. గొడుగు లేని పత్రహరితం ఎండకు విరిగిపోతుంది, ఆకు పాలిపోతుంది. మొక్కకు తిండి పెట్టే ఎండే దానికి చావు తెస్తుందన్నమాట.

అయితే లెప్టోస్పెర్మోన్ హెక్టారుకు కిలోకు పైగా వేస్తే కాని పనిచెయ్యదు. అంతంత ఎక్కడి నుంచి తెస్తారు? అందుకని రసాయన శాస్త్రజ్ఞులు దాని నిర్మాణాన్ని నమూనాగా పెట్టుకుని, అక్కడొక భాగం మార్చి, ఇక్కడొకటి చేర్చి, వందల పదార్థాలు తయారుచేశారు. చివరికి మీసోట్రయోన్ పుట్టింది, 2001 నుంచి అమ్మకానికి వచ్చింది. హెక్టారుకు 100, 150 గ్రాములు చాలు. మొక్కజొన్న దీన్ని ఒంట్లో చకచకా విరిచేస్తుంది కనుక దానికి హాని లేదు. మందు అమ్మకపు పేరు కాలిస్టో. బాటిల్ బ్రష్ చెట్టు శాస్త్రీయ నామం కాలిస్టెమాన్. తల్లి పేరు బిడ్డకు పెట్టినట్లు లేదూ! ఇప్పుడు మన మొక్కజొన్న రైతులు వాడుతున్న టెంబోట్రయోన్ కూడా ఈ కుటుంబంలోదే.

ఈ కుటుంబంలో ఒక బిడ్డ మాత్రం చేను వదిలి ఆసుపత్రికి వెళ్లింది. పేరు నిటిసినోన్. టైరోసినీమియా అనే జబ్బుతో పుట్టిన పసిపిల్లల ఒంట్లో విషపదార్థాలు పేరుకుని కాలేయం పాడవుతుంది. ఆ విషాలు పుట్టే దారిలో, కాస్త ముందుగా, ఈ కలుపు మందు అడ్డుకునే ఎంజైమే ఉంది. మొక్కలోనూ మనిషిలోనూ అదే ఎంజైము! దాన్ని ఆపితే విషాలు పుట్టవు కదా అని స్వీడన్ వైద్యులు ఆలోచించారు. వారు ఈ మందు పిల్లలకు ఇచ్చి, ఫలితాలను 1992లో ప్రకటించారు. నేటికీ ఆ జబ్బుకు ఇదే మందు. కలుపు లేని ఒక చెట్టు నీడ నుంచి ఇంత దూరం వచ్చాము.

అన్నీ ఇలా శుభంగానే సాగలేదు. ఒకే రకం మందును ఏటా చల్లితే చావని కలుపు పుట్టుకొస్తుంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రపు మొక్కజొన్న చేలల్లో 2010 నాటికే ఈ మందులకు లొంగని తోటకూర జాతి కలుపు కనబడింది. చెట్టు నుంచి పుట్టిన మందు కదా అని కలుపు మొహమాటపడదు. అలాగే చెట్టు నుంచి వచ్చింది కనుక మనిషికి హాని లేదనుకోవడం కూడా సరి కాదు. గన్నేరు, ఉమ్మెత్త, జొన్న నాము, ఇవన్నీ ప్రకృతి ఇచ్చినవే. ఏ పదార్థమైనా ఎంత మోతాదులో, ఎవరికి, ఎన్నాళ్లు అన్నదే ప్రశ్న.

కషాయమూ కాచకుండా, మందూ చల్లకుండా మొక్కల రసాయనంతో కలుపును ఆపిన చోటు ఒకటుంది, కెన్యా దేశంలో విక్టోరియా సరస్సు ఒడ్డున. అక్కడి మొక్కజొన్నకు పెద్ద శత్రువు స్ట్రైగా. మన జొన్న చేలల్లో రైతులు మల్లె అని పిలిచే కలుపు దాని చుట్టమే. పేరు మల్లె, పని పీల్చడం. పంట వేరులోకి తన వేరు దూర్చి నీరూ ఆహారమూ తాగుతుంది. ధూళి వంటి దాని విత్తనాలు ఒక్క మొక్క నుంచి వేలకువేలు రాలి, ఏళ్ల తరబడి మట్టిలో నిద్రపోతాయి. పంట వేరు నుంచి ఒక రసాయనం సోకితేనే లేస్తాయి.

1990లలో అక్కడ జెయావుర్ ఖాన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు కాండం తొలుచు పురుగును తరమడానికి మొక్కజొన్న సాళ్ల మధ్య డెస్మోడియం అనే చిక్కుడు జాతి మొక్కను వేశారు. పురుగు తగ్గింది, సరే. దానితోపాటు ఎవరూ అనుకోని విధంగా స్ట్రైగా కూడా పోయింది! వెదికి చూస్తే రహస్యం డెస్మోడియం వేరులో దొరికింది. అది రెండు రకాల రసాయనాలు వదులుతుంది. ఒకటి స్ట్రైగా విత్తనాన్ని "లే, పంట వచ్చింది" అని నిద్రలేపుతుంది. రెండోది లేచిన మొలక వేరును పెరగనివ్వదు. పట్టుకోవడానికి పంట వేరు అందక మొలక చస్తుంది, మట్టిలోని విత్తనాల నిలవ ఏటికేడు తరిగిపోతుంది. డెస్మోడియం పశువులకు మేత, నేలకు నత్రజని. జొన్న చొప్ప దగ్గర వచ్చిన పేచీ ఇక్కడ లేదు.

ఇప్పుడు మీ వంతు. ఆరు సాసర్లు, అద్దుడు కాగితం, ఆవాలు, మొక్కజొన్న గింజలు సంపాదించండి. ముదిరి ఎండిన జొన్న చొప్ప 50 గ్రాములు ముక్కలు చేసి అర లీటరు నీటిలో ఒక రోజు నానబెట్టి, గుడ్డలో వడకట్టండి. లేత జొన్న వాడవద్దు, కారణం పైన చెప్పాను. వయ్యారిభామతో ఈ ప్రయోగం అసలే వద్దు, దాన్ని ముట్టుకుంటే కొందరికి దద్దురు, పుప్పొడికి ఉబ్బసం వస్తాయి. ఆవాలను నాలుగు సాసర్లలో ఇరవై చొప్పున అద్దుడు కాగితం మీద పరవండి. మొదటిదానికి మంచినీరు, రెండోదానికి కషాయం, మూడోదానికి సగం నీరు కలిపిన కషాయం పొయ్యండి. నాలుగోదానికి జొన్న బదులు వరిగడ్డిని అలాగే నానబెట్టిన నీరు పొయ్యండి. ఏ ఆకు నీరైనా అంతేనా, లేక జొన్నలోనే ఏమైనా ఉందా అని తేల్చేది ఈ నాలుగో సాసరే, బద్ధకించి దాన్ని వదిలెయ్యకండి. అయిదో సాసరులో పది మొక్కజొన్న గింజలు వేసి కషాయం, ఆరోదానిలో పది వేసి మంచినీరు.

అన్నింటినీ ఒకేచోట, నీడలో ఉంచి, కాగితం ఆరకుండా చూడండి. నాలుగో రోజున ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి, ప్రతి వేరునూ దారంతో కొలిచి స్కేలు మీద పెట్టి సగటు కట్టండి. మొలకల సంఖ్యలో తేడా రాకపోవచ్చు, వేరు పొడవులోనే ముందు తేడా తెలుస్తుంది. వేరు కొన గోధుమ రంగుకు తిరిగిందేమో భూతద్దంతో చూడండి. వరిగడ్డి సాసరులో కూడా వేళ్లు కురచబడితే ఆశ్చర్యపోకండి. వరిలోనూ ఇటువంటి రసాయనాలు ఉన్నాయి. అప్పుడు ఏడో సాసరు పెట్టి, మీకు తోచిన మరో ఆకుతో చూడండి.